కౌబాయ్స్, ఈగిల్స్: రెండో క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఏ జట్టు బలం ఎంత?

ఫ్రిస్కో_శేఖర్ (ప్రశ్న):

మిత్రులందరికీ నమస్కారం. ఈ గురువారం (2025 సెప్టెంబర్ 4) రాత్రి ఫిలడెల్ఫియాలో డాలస్ కౌబాయ్స్, ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆటతో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్. 2025 సీజన్ మొదలవుతోంది. డిఫెన్స్‌కు ఆయువుపట్టు లాంటి మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే జట్టుకు ఇచ్చేశారన్న బాధ డాలస్ అభిమానులకు ఇంకా తీరలేదు కానీ, నేను అడగదలచింది దాని గురించి కాదు. గత సీజన్‌లో ఈ రెండు జట్లూ తమ ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి అందుకుని ఆటను నడిపించేవాడిని, కోల్పోయాయి. నవంబర్ 3న అట్లాంటాలో తొడ వెనుక కండరానికి గాయమై శస్త్రచికిత్స చేయించుకున్న డాలస్ ఆటగాడు డ్యాక్ ప్రెస్కాట్ ఆ ఏడాది మళ్ళీ మైదానంలోకి రాలేదు. డిసెంబర్ 22న వాషింగ్టన్‌తో ఆడుతూ కంకషన్‌కు (తలకు తగిలిన దెబ్బకు) గురైన ఈగిల్స్ ఆటగాడు జేలెన్ హర్ట్స్ మిగిలిన రెండు లీగ్ ఆటలకూ దూరమయ్యాడు. చివరికి డాలస్ 7-10తో (ఏడు గెలుపులు, పది ఓటములు) ఇంటిదారి పట్టగా, ఫిలడెల్ఫియా లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

ఫిలడెల్ఫియా పక్కన కింగ్ ఆఫ్ ప్రష్యాలో ఉండే, ఈగిల్స్ అభిమాని అయిన మా బావమరిది ఈ ఒక్క ఉదాహరణతోనే వాదన ముగిసిపోయిందంటాడు. 2017లో నిక్ ఫోల్స్ పేరు చెప్పి, గత ఏడాది కెన్నీ పికెట్ పేరు చెప్పి, బ్యాకప్‌ల విషయంలో డాలస్ తమతో పోటీకే రాదని తేల్చేస్తాడు. 2022లో ప్రెస్కాట్ చేతి బొటనవేలు విరిగినప్పుడు కూపర్ రష్ అయిదు ఆటల్లో నాలుగు గెలిపించిన సంగతి గుర్తు చేస్తే, అయిదోది ఎవరి చేతిలో ఓడారో కూడా చెప్పమంటాడు. అది ఈగిల్స్ చేతిలోనేనని ఇద్దరికీ తెలుసు కనుక అక్కడితో మాట ఆగిపోతుంది.

రష్ ఇప్పుడు బాల్టిమోర్‌లో ఉన్నాడు. ట్రే ల్యాన్స్ ఛార్జర్స్‌కు వెళ్ళిపోయాడు. న్యూ ఇంగ్లండ్ నుంచి ఏప్రిల్‌లో తెచ్చుకున్న జో మిల్టన్ ఇప్పుడు మా రెండో క్వార్టర్‌బ్యాక్. అవతల ట్యానర్ మెకీ ఉన్నాడు, అతని చేతి బొటనవేలికి గాయం కావడంతో ఆగస్టు చివరలో మిన్నెసోటా నుంచి శామ్ హావెల్‌ను కూడా కొనుక్కున్నారు. గెలుపోటముల లెక్క, అనుభవం, జట్టు పెట్టిన ధర, వీటిలో దేన్ని పట్టుకుంటే ఈ రెండు జట్ల బ్యాకప్ బలాన్ని న్యాయంగా పోల్చవచ్చో, అభిమానాన్ని కొంచెం పక్కన పెట్టి ఎవరైనా చెప్పగలరా?

గోదావరి_గ్రీన్:

శేఖర్ గారూ, అభిమానాన్ని పూర్తిగా పక్కన పెట్టడం నా వల్ల కాదు గానీ, వీలైనంత ప్రయత్నిస్తాను. మీ బావమరిది ఫోల్స్‌తో మొదలుపెట్టడం వల్ల అదేదో ఒక ఏడాది కలిసొచ్చిన అదృష్టంలా కనిపిస్తోంది. ఇది అంతకంటే చాలా పాత అలవాటు. 2002లో అప్పటి ఈగిల్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డోనవన్ మెక్‌న్యాబ్ చీలమండ విరిగినప్పుడు ముందు కోయ్ డెట్మర్ వచ్చి సోమవారం రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో మీద గెలిపించాడు. అదే ఆటలో అతని మోచేయి కూడా తప్పిపోవడంతో మూడోవాడైన ఎ.జె. ఫీలీ దిగి, అయిదు ఆటల్లో నాలుగు గెలిపించాడు. జట్టు 12-4తో సీజన్ ముగించింది. ఆ తర్వాత ఆ ఫీలీనే మయామీకి ఇచ్చి బదులుగా డ్రాఫ్ట్‌లో (కళాశాల ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతులో) రెండో రౌండ్ హక్కు తెచ్చుకున్నారు. 2006లో మెక్‌న్యాబ్ మోకాలి లిగమెంట్ తెగినప్పుడు జెఫ్ గార్సియా వచ్చాడు. తొలి ఆట ఇండియానాపొలిస్ చేతిలో చిత్తుగా ఓడినా, ఆ తర్వాత జట్టు వరసగా అయిదు గెలిచి తన డివిజన్‌లో మొదటి స్థానం చేజిక్కించుకుంది. వాటిలో ఒకటి క్రిస్మస్ రోజున డాలస్ వెళ్ళి 23-7తో గెలిచినది.

ఇక 2017. డిసెంబర్ 10న లాస్ ఏంజెలెస్‌లో ర్యామ్స్ మీద ఆడుతూ అప్పటి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలి లిగమెంట్ తెగే నాటికి, ఆ గెలుపుతో కలిపి జట్టు 11-2లో ఉంది. ఫోల్స్ ఆ ఏడాది మార్చిలో రెండేళ్ళకు 1.1 కోట్ల డాలర్ల ఒప్పందం మీద వచ్చినవాడు. స్టార్టర్‌కు (ఆటను మొదలుపెట్టే ప్రధాన ఆటగాడికి) ఢోకా లేని జట్టు బెంచి మీద కూర్చునేవాడికి అంత ఇవ్వడం ఎందుకని అప్పుడు నేను కూడా అనుకున్నాను. అతను అట్లాంటా మీద 15-10తో, మిన్నెసోటా మీద 38-7తో గెలిపించి, 2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో న్యూ ఇంగ్లండ్‌తో జరిగిన సూపర్ బౌల్‌లో 373 గజాలు విసిరి, మూడు టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించి చేసే స్కోరు) పాస్‌లు వేసి, ట్రే బర్టన్ విసిరిన బంతిని తానే పట్టి మరో టచ్‌డౌన్ చేసి, 41-33 విజయంలో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. మరుసటి ఏడాది వెంట్జ్‌కు వెన్ను గాయమైతే మళ్ళీ అతనే వచ్చి చివరి మూడు లీగ్ ఆటలూ గెలిపించి, ప్లేఆఫ్స్‌లో షికాగోను 16-15తో దాటించాడు.

అసలు విషయం ఆటగాళ్ళ పేర్లలో కంటే యాజమాన్యం ఆలోచనలో ఉందని నా అభిప్రాయం. 2019లో వెంట్జ్‌కు నాలుగేళ్ళకు 12.8 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చిన జట్టు, ఏడాది తిరక్కుండానే 2020 డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో, 53వ స్థానంలో, హర్ట్స్‌ను తీసుకుంది. ఫిలడెల్ఫియా రేడియోలో ఆ వారమంతా తిట్లే. ఆ డిసెంబర్‌కే వెంట్జ్ బెంచి ఎక్కాడు, హర్ట్స్ న్యూ ఆర్లీన్స్ మీద తన మొదటి స్టార్ట్‌లోనే 24-21తో గెలిచాడు. తర్వాత గార్డనర్ మిన్ష్యూ, మార్కస్ మరియోటా, పికెట్, ఇప్పుడు హావెల్. అంతకుముందు మరో జట్టులో స్టార్టర్‌గా ఆడి ఉన్నవాడినే తెచ్చి బెంచి మీద కూర్చోబెట్టుకోవడం వాళ్ళకు రివాజు.

దీని పక్కన డాలస్ 2022లో చేసిన పని పెట్టి చూడండి. ఆగస్టు చివర 53 మంది జాబితా ప్రకటించే రోజున కూపర్ రష్‌నూ విల్ గ్రియర్‌నూ ఇద్దరినీ తీసేసి, ప్రెస్కాట్ ఒక్కడినే ఉంచి, మిగతా ఇద్దరినీ ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (ప్రధాన జాబితాకు బయట ఉంచుకునే అదనపు ఆటగాళ్ళ బృందంలోకి) తెచ్చుకున్నారు. మధ్యలో ఏ జట్టయినా రష్‌ను ఎగరేసుకుపోయి ఉండవచ్చు. మొదటి వారంలోనే ప్రెస్కాట్ గాయపడ్డాడు. రష్ నాలుగు గెలిచాడంటే అది రష్ గొప్పదనం, అతన్ని ఉంచుకున్న తీరుకు మాత్రం ఆ ఘనత దక్కదు.

లోన్‌స్టార్_లక్ష్మి:

గోదావరి గారు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు, ఎంపికతో ఉంది. ఈ రెండు జట్ల బ్యాకప్‌లను పోల్చడమే ప్రశ్న అయినప్పుడు, వాళ్ళు ఒకరి జట్టు మీద మరొకరు ఎలా ఆడారన్నది ముందు చూడాలి కదా. 2013 నుంచి గత సీజన్ వరకూ జరిగిన ముఖాముఖి ఆటల్లో, ప్రధాన క్వార్టర్‌బ్యాక్ లేకపోవడం వల్ల మరొకరు మొదలుపెట్టినవి మాత్రమే తీసుకున్నాను. 2020 చివరలో హర్ట్స్ ఆడినది వదిలేశాను, ఎందుకంటే అప్పటికి అతను వెంట్జ్ స్థానాన్నే తీసేసుకున్నాడు.

డాలస్ తరఫున 2013లో అప్పటి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వెన్ను శస్త్రచికిత్స వల్ల కైల్ ఓర్టన్ సీజన్ చివరి ఆట ఆడి 24-22తో ఓడాడు, డివిజన్ పోయింది. 2015లో మ్యాట్ క్యాసెల్ అదనపు సమయంలో 33-27తో ఓడాడు. 2020 నవంబర్ 1న ఏడో రౌండ్ కుర్రాడు బెన్ డినూచీ ఫిలడెల్ఫియాలో 23-9తో ఓడాడు. అదే డిసెంబర్‌లో ఆండీ డాల్టన్ 37-17తో గెలిచాడు. ఆపైన రష్ మూడు సార్లు ఓడాడు, 26-17, 34-6, 41-7. మొత్తం ఏడింట ఒకటే గెలుపు. ఇంతవరకూ శేఖర్ గారి బావమరిది ఆనందించవచ్చు.

ఇప్పుడు అవతలి పక్క. 2013 అక్టోబరులో మైకెల్ విక్ గాయంతో ఫోల్స్ ఆడి, డాలస్ చేతిలో 17-3తో ఓడి, తానూ కంకషన్‌తో బయటకు వెళ్ళాడు; వెనక వచ్చిన మ్యాట్ బార్క్‌లీ మూడు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసుకున్న పాస్‌లు) ఇచ్చాడు. 2014లో మార్క్ సాంచెజ్ థ్యాంక్స్‌గివింగ్ రోజున 33-10తో గెలిచి, రెండు వారాలకే 38-27తో ఓడాడు. 2017 డిసెంబర్ 31న ఫోల్స్ 6-0తో ఓడాడు. సూపర్ బౌల్‌కు అయిదు వారాల ముందు అతను ఆ చలిలో పదకొండు పాస్‌లలో నాలుగే అందించి 39 గజాలు సాధించాడన్నది ఎవరికీ గుర్తుండదు. అయితే పైస్థానం అప్పటికే ఖరారైన ఈగిల్స్ అతన్ని త్వరగానే బయటకు తీశారని ఒప్పుకోవాలి. ఇక మిన్ష్యూ 2022 జనవరిలో 51-26తో, అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు 40-34తో ఓడాడు. మొదటిది స్టార్టర్లకు విశ్రాంతి ఇచ్చిన ఆట కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోకండి, రెండోది మాత్రం నిజమైన పోటీ. చివరగా పికెట్ గెలిచాడు. ఏడింట రెండు గెలుపులు.

ఏడింట ఒకటి ఒకరిది, ఏడింట రెండు ఇంకొకరిది. అయితే ఈ లెక్క చూసి ఇద్దరూ సమానమని నేను అనడం లేదు. ఫోల్స్ ప్లేఆఫ్స్‌లో చేసినది డాలస్ బ్యాకప్ ఎవరూ చేయలేదు. కానీ బ్యాకప్ గెలుపోటములు బ్యాకప్‌వి కావు. 2015 ఒక్కటి చూస్తే చాలు. సెప్టెంబర్ 20న ఫిలడెల్ఫియాలోనే టోనీ రోమో ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. అప్పుడు వచ్చిన బ్రాండన్ వీడెన్ ఆ ఆటను 20-10తో గెలిపించాడు కూడా. ఆ తర్వాత వీడెన్, క్యాసెల్, కెలెన్ మూర్ కలిసి ఆడిన 12 స్టార్ట్‌లలో జట్టు గెలిచింది ఒకటే, రోమో ఆడిన నాలుగింట మూడు. అయితే జట్టు ప్రధాన రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) డెజ్ బ్రయంట్ మొదటి వారంలోనే పాదం ఎముక విరిగి వారాల తరబడి లేడు. ఆ ముగ్గురూ ఆడిన జట్టు, ఫోల్స్‌కు చేతికందిన జట్టు ఒకటేనని ఎవరైనా అనగలరా? ఇంకో చిత్రం, ఆ కెలెన్ మూర్‌నే గత సీజన్‌లో ఫిలడెల్ఫియా అఫెన్స్ కోఆర్డినేటర్‌గా (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటను నడిపే కోచ్‌గా) పెట్టుకుని సూపర్ బౌల్ గెలిచారు. మా బెంచి మీద కూర్చుని నేర్చుకున్నది వాళ్ళకు పనికొచ్చిందని నేను సరదాగా అంటూ ఉంటాను.

ఇంకొకటి కూడా ఉంది. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని రోమో 2003లో చేరి, మూడేళ్ళు బెంచి మీద ఉండి, 2006 అక్టోబరులో డ్రూ బ్లెడ్సో స్థానంలోకి వచ్చాడు. నాలుగో రౌండ్‌లో 135వ స్థానంలో వచ్చిన ప్రెస్కాట్ 2016 ఆగస్టులో మూర్ చీలమండ విరిగి, రోమో వెన్ను దెబ్బతిని ఉండకపోతే ఆ ఏడాది మైదానం చూసేవాడు కాదు. చూశాక 13-3 సాధించాడు. అంటే ఇరవై ఏళ్ళ పాటు డాలస్ స్టార్టర్లు ఇద్దరూ రెండో వరస నుంచే వచ్చారు. దీన్ని పథకం అనడం కంటే అదృష్టం అనడమే న్యాయం అని గోదావరి గారు అంటారేమో. హర్ట్స్ విషయంలో కూడా సగం అదృష్టమే ఉంది.

ఫ్రిస్కో_శేఖర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. లక్ష్మి గారి లెక్క మా బావమరిదికి పంపాను. 41-7 మీద ఒక్కటే వాక్యం రాశాడు, దాన్ని ఇక్కడ పెట్టడం మర్యాద కాదు. అయితే నా అసలు సందేహం మిగిలే ఉంది. గెలుపోటములు జట్టువే అయితే, బ్యాకప్‌ను విడిగా తూచడానికి ఇంక ఏం మిగిలింది? గురువారం ప్రెస్కాట్ రెండో క్వార్టర్‌లో లేవలేకపోతే, లేదా హర్ట్స్ లేవలేకపోతే, ఏ జట్టు ఎక్కువ నష్టపోతుంది?

విశాఖ_వీక్షకుడు:

నేను ఈ రెండు జట్లలో దేనికీ అభిమానిని కాను. విశాఖపట్నంలో శుక్రవారం తెల్లవారి 5.50కి మొదలయ్యే ఆట కోసం లేచే పిచ్చివాళ్ళలో ఒకడిని మాత్రమే. శేఖర్ గారు అడిగిన చివరి ప్రశ్నలోనే సరైన కొలత ఉందని నాకు అనిపిస్తోంది. బ్యాకప్ ఎంత మంచివాడన్నది కాకుండా, స్టార్టర్ నుంచి అతనికి దిగేటప్పుడు జట్టు ఎంత మారవలసి వస్తుందన్నది చూడాలి.

మన వాళ్ళకు క్రికెట్ అలవాటు కాబట్టి రిజర్వ్ వికెట్‌కీపర్‌తో పోల్చి చూస్తారు. వాడు వచ్చినా మిగతా పదిమంది పని మారదు. ఇక్కడ అలా కాదు. స్నాప్ (ఆట మొదలవుతూనే వెనక్కి అందించే బంతి) తీసుకునే లయ, హడిల్‌లో (అందరూ గుమికూడినప్పుడు) తర్వాతి ఆట ఏదో చెప్పే తీరు, రిసీవర్ మలుపు తిరిగే క్షణానికి బంతి ఎక్కడ ఉండాలన్నది, లైన్‌లో ఎవరు ఎవరిని అడ్డుకోవాలో చివరి నిమిషంలో మార్చి చెప్పడం, ఇవన్నీ ఒక మనిషి చుట్టూ నెలల తరబడి అల్లుకుంటాయి. సీజన్ మధ్యలో వారపు ప్రాక్టీసులో మొదటి జట్టుతో ఆడే వంతులు దాదాపు అన్నీ స్టార్టర్‌కే దక్కుతాయి. రెండోవాడు ఎక్కువగా వచ్చే ప్రత్యర్థి ఆటలను అనుకరిస్తూ తన డిఫెన్స్‌కు ప్రాక్టీసు ఇస్తాడు. కాబట్టి ఆట మధ్యలో హఠాత్తుగా దిగిన బ్యాకప్‌నూ, వారమంతా సిద్ధమై మొదలుపెట్టిన బ్యాకప్‌నూ ఒకే కాటాలో వేయకూడదు. డిసెంబర్ 22న వాషింగ్టన్‌లో హర్ట్స్ వెళ్ళిపోయాక పికెట్ దిగిన ఆట 36-33తో పోయింది. వారం తర్వాత అదే పికెట్ సిద్ధమై వచ్చి, ఒక టచ్‌డౌన్ విసిరి, ఇంకొకటి తానే దూరి చేశాడు. ఇంతలో పక్కటెముకల గాయంతో అతనూ వెళ్ళిపోతే, అప్పటివరకూ ఒక్క లీగ్ ఆట కూడా ఆడని మెకీ వచ్చి రెండు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. మొదటిది పట్టిన ఎ.జె. బ్రౌన్, అది మెకీకి జీవితంలో మొదటి టచ్‌డౌన్ అన్న ఆలోచన లేకుండా బంతిని ప్రేక్షకుల్లోకి విసిరేశాడు.

ఆ ఆటలో అసలు చూడవలసినది ఈగిల్స్ రనింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) సాక్వాన్ బార్క్‌లీ పరుగెత్తిన 167 గజాలు. ఆ రోజే అతను సీజన్‌కు 2,000 గజాలు దాటాడు. అలాంటి లైన్, అలాంటి రనింగ్ బ్యాక్ ఉన్నచోట క్వార్టర్‌బ్యాక్ మూడోవాడైనా జట్టు నడుస్తుంది. డాలస్ 2022లో కూడా ఇదే జరిగింది, కాకపోతే అక్కడ ఆసరా డిఫెన్స్. రష్ గెలిచిన నాలుగు ఆటల్లో ప్రత్యర్థులు చేసిన పాయింట్లు 17, 16, 10, 10. ఆ నాలుగింట్లో రష్ ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు. అతన్ని చేయమన్నది కూడా అంతే. ఫిలడెల్ఫియాలో జట్టు మొదటే వెనకబడి, అతను విసిరి తీరవలసి వచ్చినప్పుడు మూడు ఇచ్చాడు. 2024 నవంబరుకు ఆ డిఫెన్స్ లేదు, నడిచే రన్ గేమ్ లేదు. ఈగిల్స్ మీద ఆ రోజు రష్ సాధించినది 45 గజాలు. అదే మనిషి, అదే చెయ్యి.

ఈ కొలతతో ఇప్పటి పేర్లు చూద్దాం. హర్ట్స్ నుంచి మెకీకి దిగితే ఈగిల్స్ అఫెన్స్ రూపం మారుతుంది, ఎందుకంటే హర్ట్స్ కాళ్ళతో చేసే పని మెకీ చేయలేడు. రన్, పాస్ రెండూ సాధ్యమనిపించి డిఫెన్స్‌ను ఆపే ఆటలు తగ్గుతాయి. బదులుగా పాకెట్‌లో (తన లైన్ కాపు కాసే చోట) నిలబడి సమయానికి విసరడం అతనికి బాగా వచ్చు, జట్టులో మూడో ఏడాది కనుక మనుషులు తెలుసు. హావెల్ సంగతి వేరు. 2023లో వాషింగ్టన్ తరఫున 17 ఆటలూ మొదలుపెట్టి, లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 21 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అదే ఏడాది ఈగిల్స్‌ను ఒకసారి అదనపు సమయం దాకా తీసుకెళ్ళి 34-31తో, ఇంకోసారి 38-31తో ఓడాడు. ఆ రెండు ఆటలూ చూసిన ఈగిల్స్ జనరల్ మేనేజర్ హోవీ రోస్‌మన్ అతన్ని కొన్నాడంటే ఆశ్చర్యం లేదు. కానీ జట్టులో చేరి రెండు వారాలైనా కాలేదు కాబట్టి గురువారానికి అతని అనుభవం సగమే పనికొస్తుంది.

మిల్టన్ దగ్గర లీగ్‌లో అరుదైన బలమున్న చెయ్యి ఉంది, ఆడిన లీగ్ ఆట మాత్రం ఒక్కటే, అది కూడా మొదలుపెట్టినది కాదు. గత సీజన్ చివరి వారం బఫలో తన ప్రధాన ఆటగాళ్ళకు విశ్రాంతి ఇచ్చిన రోజున 29 పాస్‌లలో 22 అందించి 23-16తో గెలిపించాడు. ఆ గెలుపు వల్ల న్యూ ఇంగ్లండ్ డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం పోగొట్టుకుందని అక్కడి అభిమానులు తల పట్టుకున్నారు. ప్రెస్కాట్ బలమంతా స్నాప్‌కు ముందు డిఫెన్స్‌ను చదవడంలో, ఆటను మార్చడంలో ఉంది. మిల్టన్ ఇప్పటివరకూ అది చూపించలేదు. బంతి ఎంత దూరం పోగలదన్నది అతనితో సమస్య కాదు, ఎప్పుడు విసరకూడదో తెలియాలి. పార్సన్స్ వెళ్ళిపోయాక 2022 నాటి డిఫెన్స్ ఆసరా కూడా లేదు. కాబట్టి నా తూకంలో డాలస్ దిగే మెట్టే లోతైనది. అయితే ఆ తేడాలో ఎక్కువ భాగం మిల్టన్‌ది కాదు, అతని చుట్టూ ఉన్నవాళ్ళది.

గోదావరి_గ్రీన్:

విశాఖ గారి వాదనతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక్కటి చేర్చాలి. చుట్టూ ఉన్నవాళ్ళదే అంతా అనుకుంటే బ్యాకప్ మీద ఖర్చు దండగ అనిపిస్తుంది. 2023 జనవరి 29న ఫిలడెల్ఫియాలో శాన్ ఫ్రాన్సిస్కోకు ఏమైందో చూడండి. ఆ రోజు వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళలో లోటు లేదు. హాసన్ రెడిక్ కొట్టిన దెబ్బకు బ్రాక్ పర్డీ మోచేయి పోయింది, వచ్చిన జాష్ జాన్సన్ కంకషన్‌తో వెళ్ళిపోయాడు, విసరలేని పర్డీ మళ్ళీ దిగవలసి వచ్చింది, ఆట 31-7తో ముగిసింది. ఆ ఆట తర్వాతే 2023లో లీగ్ అత్యవసర మూడో క్వార్టర్‌బ్యాక్ నిబంధన తెచ్చింది. చెయ్యెత్తి బంతి విసరగలిగినవాడు ఒకడైనా లేకపోతే ఎంత గొప్ప లైన్ ఉన్నా ఉపయోగం లేదు. డాలస్ ల్యాన్స్ కోసం 2023లో నాలుగో రౌండ్ హక్కు ఇచ్చి, రెండేళ్ళలో ఒక్క స్టార్ట్ ఇచ్చి, అది కూడా ఆశలు పోయిన చివరి వారంలో ఇచ్చి వదిలేసింది. కొన్నాక వాడకపోవడం కొనకపోవడం కంటే ఖరీదైనది.

లోన్‌స్టార్_లక్ష్మి:

ల్యాన్స్ విషయంలో మీరన్నది నిజమే, నేను సమర్థించను. ధర మాట వచ్చింది కాబట్టి ఒక్కటి. ప్రెస్కాట్ గత సెప్టెంబరులో నాలుగేళ్ళకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, హర్ట్స్ 2023లో అయిదేళ్ళకు 25.5 కోట్లకు చేసుకున్నాడు. సాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి) అందరికీ ఒకటే అయినప్పుడు, స్టార్టర్‌కు అంత ఇచ్చాక బ్యాకప్‌కు మిగిలేది డ్రాఫ్ట్ చివరి రౌండ్ల కుర్రవాళ్ళో, చవకగా దొరికే పాతవాళ్ళో మాత్రమే. మెకీ ఆరో రౌండ్, మిల్టన్ ఆరో రౌండ్. ఈ ఏడాది రెండు జట్లూ ఒకే సంతలో కొన్నాయి. తేడా ఏమిటంటే, మెకీ వేలికి దెబ్బ తగలగానే ఈగిల్స్ ఇంకొకరిని తెచ్చుకున్నారు. మిల్టన్ వెనక అలాంటి అనుభవం ఉన్నవాడిని డాలస్ తెచ్చుకోలేదు. శేఖర్ గారూ, మీ బావమరిదితో పందెం ఏమైనా ఉంటే, ఆటకు గంటన్నర ముందు వచ్చే ఆడనివారి జాబితా చూశాక వేయండి. మెకీ పేరు అందులో ఉండి, హావెల్ రెండోవాడిగా ఉంటే, జట్టుకు కొత్తవాడి చేతిలో హర్ట్స్ బీమా ఉన్నట్టు. అప్పుడు గురువారం ఒక్క రాత్రికి మాత్రం, వసంతం నుంచీ మా ప్లేబుక్ చదువుతున్న మిల్టన్‌నే నేను ఎంచుకుంటాను.